201: ఒకే డోర్ నంబరుతో రెండు ఇళ్లు

సావనీరుకి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మాస్టార్ల గురించీ మామిడిచెట్టు గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు ఇంజనీరువి కదా, టెక్నికల్‌గా ఏదైనా రాయి" అన్నారు. సరేనన్నాను గానీ ఏం రాయాలో తోచలేదు. మే నెలలో స్కూలు స్టోర్‌రూములో ఆ పాత కంప్యూటరు మూత విప్పాక తోచింది.

1986లో పదో తరగతి పాసైన మా బ్యాచ్ పదేళ్లకి మళ్లీ కలిసినప్పుడు, చందాలు వేసుకుని స్కూలుకిచ్చిన కంప్యూటరు అది. 486 డీఎక్స్2, 66 మెగాహెర్ట్జ్, సెకండ్ హ్యాండ్‌ది. స్వర్ణోత్సవాల ఎగ్జిబిషన్‌లో దాన్ని ఒక బల్ల మీద పెట్టి "మన స్కూలు మొదటి కంప్యూటరు" అని అట్ట తగిలిద్దామన్నది కమిటీ ఆలోచన. ఊరికే పెట్టడమెందుకు, నడిపించి చూపిద్దాం అన్నది నేను. విప్పితే లోపల పాత తగాదా ఒకటి బయటపడింది, సౌండ్ కార్డుకీ జాయ్‌స్టిక్కుకీ మధ్య. అది అర్థం కావాలంటే ముందు ఆ రెండింటి చరిత్ర కొంచెం చెప్పాలి. కంప్యూటర్లతో పనిలేని మిత్రులు కాస్త ఓపిక పట్టండి, చివర్లో మనవాళ్లే వస్తారు.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ని ప్రకటించింది. అప్పుడు మేం ఆరో తరగతి. దాంతోపాటు విడిగా కొనుక్కోవడానికి ఇచ్చిన కార్డుల్లో ఒకటి గేమ్ కంట్రోల్ అడాప్టర్. వెనక 15 పిన్నుల సాకెట్టు ఉంటుంది, దానికి రెండు జాయ్‌స్టిక్కులు తగిలించుకోవచ్చు. జాయ్‌స్టిక్కు అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రేడియో వాల్యూమ్ మీట లోపల ఉండేలాంటి పొటెన్షియోమీటర్లు రెండు, బటన్లు రెండు. కర్రని వంచినకొద్దీ రెసిస్టెన్సు సున్నా నుంచి లక్ష ఓమ్‌ల దాకా మారుతుంది.

దాన్ని కొలవడానికి శాస్త్రీయమైన పద్ధతి అనలాగ్-డిజిటల్ కన్వర్టర్ చిప్పు పెట్టడం. ఇంచుమించు అదే రోజుల్లో ఇంగ్లండులో వచ్చిన బీబీసీ మైక్రో మోడల్ బీలో అలాంటి చిప్పే పెట్టారు. (1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ పథకం కింద సుమారు 250 స్కూళ్లకి ఇచ్చింది ఈ బీబీసీ మైక్రోలనే. ఆ జాబితాలో మన స్కూలు లేదు. అందుకే మన పిల్లలు 1996 దాకా ఆగాల్సొచ్చింది.) ఐబీఎం వాళ్లు మాత్రం అంత ఖర్చుకి పోలేదు. 558 అనే టైమర్ చిప్పు, దానికి తోడు నాలుగు కెపాసిటర్లతో పని కానిచ్చారు.

అది పనిచేసే తీరు నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ప్రోగ్రాం హెక్సాడెసిమల్ 201 అనే పోర్టు అడ్రసుకి ఒక అంకె పంపుతుంది. ఏ అంకైనా ఫరవాలేదు, తలుపు తట్టడమే పని. తట్టగానే కెపాసిటర్లు జాయ్‌స్టిక్కు రెసిస్టెన్సు గుండా చార్జ్ కావడం మొదలుపెడతాయి. ఇక అదే అడ్రసు నుంచి చదువుతూ ఉండాలి. వచ్చే ఎనిమిది బిట్లలో నాలుగు కర్రల కదలికలకి, నాలుగు బటన్లకి. కెపాసిటర్ నిండేదాకా బిట్టు 1గా ఉంటుంది, నిండగానే 0కి పడుతుంది. ఎంతసేపటికి పడిందో ప్రోగ్రాం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంది. ఐబీఎం మాన్యువల్లో ఇచ్చిన సూత్రం ప్రకారం సున్నా ఓమ్‌ల దగ్గర 24.2 మైక్రోసెకన్లు పడుతుంది, లక్ష ఓమ్‌ల దగ్గర దాదాపు 1,124. అంటే కంప్యూటరు రెసిస్టెన్సుని కొలవడం లేదు, కెపాసిటర్ నిండటానికి పట్టిన సమయాన్ని కొలుస్తోంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. లెక్కపెట్టేది ప్రాసెసర్ కాబట్టి, వేగమైన ప్రాసెసర్ అదే సమయంలో ఎక్కువ అంకెలు లెక్కపెడుతుంది. పాత మిషన్‌కి రాసిన ఆట కొత్త మిషన్ మీద తికమకపడేది. 486 డబ్బాల మీద ఉండే టర్బో బటన్ని చాలామంది నొక్కింది ఇలాంటి వాటి కోసమే. రెండోది, జాయ్‌స్టిక్ పోర్టు తనంతట తాను ఎప్పుడూ మాట్లాడదు. అడిగితేనే చెబుతుంది. దానికి ఇంటరప్ట్ లేదు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో కంప్యూటర్లో పెట్టే కార్డుకి ముఖ్యంగా మూడు కావాలి. అడ్రసు ఇంటి డోర్ నంబరు లాంటిది. ఇంటరప్ట్ లైను ఇంట్లోంచి ప్రాసెసర్‌ని పిలిచే గంట. డీఎంఏ ఛానెల్ ప్రాసెసర్ని కదిలించకుండా మెమరీ నుంచి సరుకు తెచ్చుకునే దొడ్డిదారి. మొదటి పీసీలో గంటలు ఎనిమిదే. 1984లో వచ్చిన ఏటీ మోడల్లో ఇంకో ఎనిమిది చేర్చారు గానీ, ఒక లైను రెండు చిప్పుల్ని కలపడానికే పోయింది. ఏ ఇంటికి ఏ నంబరో రాసి ఉంచే పంచాయతీ రిజిస్టరు ఏదీ లేదు. కార్డు తయారుచేసినవాడు గోడ మీద తనకి నచ్చిన నంబరు వేసుకుంటాడు. మార్చుకోవాలంటే కార్డు మీద జంపర్లుంటాయి. జంపర్ అంటే తెలియనివారికి: రెండు చిన్న పిన్నుల్ని కలిపే గోరంత ప్లాస్టిక్ టోపీ. కింద పడితే మళ్లీ దొరకదు.

ఇక సౌండ్. ఐబీఎం పీసీకి పుట్టుకతో వచ్చింది కీచుమనే చిన్న స్పీకరొక్కటే. 1987లో కెనడాలోని క్యుబెక్ నుంచి యాడ్‌లిబ్ కార్డు వచ్చింది. అందులో యమహా వారి వైఎం3812 చిప్పు సంగీతం పలికించేది, కానీ రికార్డు చేసిన మాటల్ని వినిపించే ఏర్పాటు లేదు. సింగపూర్‌లో సిమ్ వాంగ్ హూ స్థాపించిన క్రియేటివ్ టెక్నాలజీ 1989లో సౌండ్ బ్లాస్టర్ తెచ్చింది. యాడ్‌లిబ్ చేసేదంతా అది చేసేది, మాటలూ వినిపించేది. పైగా దాని వెనక జాయ్‌స్టిక్ సాకెట్టు కూడా ఒకటి పెట్టారు. సౌండ్ కార్డు కొనేది ఎక్కువగా ఆటలాడేవాళ్లే, వాళ్లకి జాయ్‌స్టిక్కూ కావాలి, ఒక స్లాటు ఆదా అవుతుంది. వ్యాపారపరంగా చక్కటి ఆలోచన. తర్వాత సౌండ్ కార్డు చేసిన ప్రతివాడూ అదే దారి పట్టాడు.

మొదటి సౌండ్ బ్లాస్టర్ అడ్రసు 220, ఇంటరప్ట్ 7, డీఎంఏ 1. ఇంటరప్ట్ 7 అప్పటికే ప్రింటరుది. అందుకే తర్వాత చాలామంది 5కి మార్చుకున్నారు. నేను ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో పార్టులు కొని స్నేహితులకి కంప్యూటర్లు బిగించేవాణ్ని. అప్పుడు నేర్చుకున్న లక్షణాలు ఇవి. ఆటలో సంగీతం వస్తోంది, మాటలు రావడం లేదంటే కార్డు బాగానే ఉన్నట్టు. సంగీతానికి 388 అడ్రసొక్కటి చాలు, గంటా దొడ్డిదారీ అక్కర్లేదు. మాట మొదట్లో ఒక ముక్క వినిపించి, అదే ముక్క అరిగిన రికార్డులా మళ్లీ మళ్లీ వస్తుంటే ఇంటరప్ట్ తప్పు. ఆ ముక్క అయిపోయిందని కార్డు గంట కొడుతోంది, వినాల్సినవాడు వేరే గంట దగ్గర కూర్చున్నాడు. అసలు శబ్దమే లేకుండా గరగర మాత్రమే వస్తే డీఎంఏని అనుమానించాలి. సౌండ్ బ్లాస్టర్ 16 మిడి సంగీతానికి వాడే 330 అడ్రసు మీద, స్కజీ డిస్కు కంట్రోలరు కూర్చుని ఉన్న మిషన్లు కూడా చూశాను. ఇవన్నీ పట్టుకోగలిగేవాణ్ని. ఈ విద్యలో నాకు కొంచెం పేరుండేది, గర్వమూ ఉండేది.

జాయ్‌స్టిక్కు తగాదా వీటన్నింటికంటే మోసకారిది. సౌండ్ కార్డుల మీద సాకెట్టు వచ్చేనాటికే, తైవాన్ నుంచి వచ్చే చవక మల్టీ ఐ/ఓ కార్డుల మీదా గేమ్ పోర్టు ఉండేది. హార్డ్‌డిస్కు, ఫ్లాపీ, రెండు సీరియల్ పోర్టులు, ప్రింటరు, వాటితోపాటు ఇది. రెండింటి అడ్రసూ 201. ఇంటరప్ట్ లేదు కాబట్టి గంటల గొడవ రాదు, మిషన్ బిగుసుకుపోదు, తెర మీద ఏ హెచ్చరికా కనబడదు. సౌండ్ శుభ్రంగా వస్తుంది. అంతా బాగున్నట్టే ఉంటుంది.

లోపల జరిగేది ఇదీ. ప్రాసెసర్ 201 తలుపు తడితే రెండిళ్లవాళ్లూ లేస్తారు. జాయ్‌స్టిక్కు ఒక కార్డుకే తగిలించి ఉంది. అక్కడ కెపాసిటర్ నిండగానే ఆ కార్డు 0 అంటుంది. రెండో కార్డు సాకెట్టు ఖాళీ. దాని కెపాసిటర్ నిండే దారే లేదు, కాబట్టి అది ఇంకా 1, ఇంకా 1 అంటూనే ఉంటుంది. ఒకే తీగ మీద ఒకడు 0కి లాగుతాడు, ఇంకొకడు 1కి. ఏ చిప్పు బలమైనదైతే దాని మాట నెగ్గుతుంది. రెండూ సమ ఉజ్జీలైతే ఒకసారి ఇలా, ఒకసారి అలా. ఉదయం పనిచేసింది మధ్యాహ్నానికి పనిచెయ్యదు. చూసేవాడికి ఏమనిపిస్తుంది? ఏదో కాలిపోయిందనిపిస్తుంది.

ఇప్పుడు మన స్కూలు సంగతికి వస్తాను.

1996లో కంప్యూటరు ఇచ్చినప్పుడు అందరికంటే సంబరపడింది మన ఫిజిక్స్ మాస్టారు. ఆయనకి ఆటలతో పనిలేదు. జాయ్‌స్టిక్ పోర్టు రెసిస్టెన్సుని కొలుస్తుందని నేను మాటల్లో చెప్పగానే, "అయితే థర్మిస్టరు పెడితే ఉష్ణోగ్రత కొలుస్తుందన్నమాట" అన్నారు. నాకు తట్టని సంగతి. క్యూబేసిక్‌లో స్టిక్ అనే ఫంక్షనుంది, అది జాయ్‌స్టిక్కు విలువ చదువుతుంది. అయిదు లైన్ల ప్రోగ్రాం చాలు. సాకెట్టులో 1వ పిన్నుకీ 3వ పిన్నుకీ మధ్య థర్మిస్టరు పెడితే సరి. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయికి మాస్టారు ఆ పని అప్పగించారు. అతను పాత పెన్ను గొట్టంలో థర్మిస్టర్ని దూర్చి, వైర్లు సోల్డర్ చేసి, గ్లాసు వేడినీళ్లు చల్లారుతుంటే తెర మీద గ్రాఫు గీయించాడు. కొన్ని నెలలు అది బాగా నడిచింది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవారికి కూడా చూపించారట.

మరుసటి ఏడు దసరా సెలవుల్లో నేను ఊరికొచ్చి, మా బ్యాచ్ తరఫున దానికి మల్టీమీడియా కిట్ బిగించాను. సీడీ డ్రైవూ సౌండ్ బ్లాస్టర్ 16 కార్డూ. పాట పెట్టాను, పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను హైదరాబాద్ వెళ్లిపోయాను. జాయ్‌స్టిక్ పోర్టు పరీక్షించలేదు. అవసరమనిపించలేదు.

సంక్రాంతికి వచ్చేసరికి గ్రాఫు పిచ్చిగా గెంతుతోందన్నారు. చూశాను. అంకెలు నిలకడగా లేవు. జాయ్‌స్టిక్కు పెట్టినా అదే వరస. రెండు నిమిషాల్లో తేల్చేశాను: ఎవరో 5 వోల్టుల పిన్నునీ గ్రౌండునీ కలిపేశారు, పోర్టు కాలిపోయింది, కొత్త ఐ/ఓ కార్డుకి మూడొందల దాకా అవుతుంది. ఆ అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి, "నేను ఒకటీ మూడుకే పెట్టాను సార్" అన్నాడు. మాస్టారు కూడా, "వాడు జాగ్రత్త మనిషేనయ్యా" అన్నారు. ల్యాబు బీరువాలో మల్టీమీటరుంది. 1వ పిన్ను దగ్గర పెట్టి చూస్తే 5 వోల్టులు వస్తున్నాయో లేదో ఒక్క క్షణంలో తెలిసేది. అడగలేదు. అడక్కపోవడానికి కారణం తొందరేమీ కాదు, నాకు తెలుసన్న నమ్మకం.

టైలరింగు చేసే వాళ్ల నాన్నగారు ఆ మూడొందలూ స్కూల్లో కట్టారు. కంప్యూటరు గదికి తాళం పడింది, తర్వాత అది ప్రశ్నపత్రాలు టైపు చెయ్యడానికే తెరిచేవారు. నేను కొత్త కార్డు పంపుతానన్నవాణ్ని ఉద్యోగం మారి, ఊరు మారి మర్చిపోయాను.

ఈ మే నెలలో మూత విప్పితే, మదర్‌బోర్డు మీద పీపా ఆకారంలో ఉండే బ్యాటరీ కారి చుట్టూ పచ్చగా చిలుం పట్టింది. వెనిగర్‌తో తుడిచి, తెగిపోయిన ఒక గీతని సన్నటి వైరుతో కలిపాను. హార్డ్‌డిస్కు తిరగలేదు. దాని బదులు కెమెరాల్లో వాడే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డుని చిన్న అడాప్టర్‌తో తగిలించాను. పాత డాస్ దాన్ని హార్డ్‌డిస్కే అనుకుంటుంది. మూడో రోజుకి తెర వెలిగింది. నాలుగో రోజు సౌండ్ వచ్చింది. జాయ్‌స్టిక్కు మాత్రం 1998 సంక్రాంతికి ఎలా గెంతిందో అలాగే గెంతింది.

ఈసారి తొందరపడలేదు. పాత మిషన్ల దగ్గర పని ఒకే పద్ధతిలో జరగాలి. అవసరమైన కార్డులు తప్ప అన్నీ పీకేసి, ఒక్కొక్కటీ పెడుతూ, ప్రతిసారీ పరీక్షించాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఓమ్ నియమం ప్రయోగం చేయించేటప్పుడు మాస్టారు మా చెవుల్లో పోరింది ఇదే. వీడియో కార్డూ, ఐ/ఓ కార్డూ ఉంచి సౌండ్ కార్డు తీసేశాను. జాయ్‌స్టిక్కు రాయిలా నిలబడింది. కాలిపోయిందని నేను చెప్పిన పోర్టే అది. సౌండ్ కార్డు మళ్లీ పెట్టాను, గెంతింది. తీశాను, ఆగింది. నమ్మకం కుదరక ఇంకో రెండుసార్లు చేశాను. నిజానికి మొదటిసారికే అర్థమైంది.

ఐ/ఓ కార్డు మీద "గేమ్" అని అచ్చువేసి ఉన్న చోట ఒక జంపరుంది. దాన్ని తీసి పక్కన పెట్టాను. సౌండ్ కార్డు పెట్టి, జాయ్‌స్టిక్కుని దాని సాకెట్టుకి మార్చాను. గొడవ లేదు. మొత్తం మరమ్మతు అంతే. పైసా ఖర్చు లేదు.

బల్ల సొరుగులో ఆ పెన్ను గొట్టం ఇంకా ఉంది. కనెక్టరు తొడుగు విప్పి చూశాను. సోల్డరింగు శుభ్రంగా ఉంది, 1వ పిన్నుకొకటి, 3వ పిన్నుకొకటి. ఇంకొక సంగతి కూడా గమనించాను. ఐబీఎం వారి అసలు సాకెట్టులో 15వ పిన్నులోనూ 5 వోల్టులుండేవి, 12 గ్రౌండు. సౌండ్ కార్డులు వచ్చాక ఆ రెండింటినీ మిడి సంగీతానికి తీసేసుకున్నాయి. 15 నుంచి కరెంటు తీసుకున్న పాత వైరింగు సౌండ్ కార్డుకి పనికిరాదు. ఇతను 1 నుంచే తీసుకున్నాడు కాబట్టి, ఇరవై ఏడేళ్ల తర్వాత వేరే సాకెట్టుకి పెట్టినా పనిచేసింది. టీ గ్లాసులో ముంచితే అంకె దిగింది, తీస్తే మెల్లగా ఎక్కింది.

ఈ తగాదాల చరిత్ర తర్వాత ఎక్కువకాలం సాగలేదు. 1993లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి కార్డులే తమ నంబర్లు అడిగి తీసుకునే ప్లగ్ అండ్ ప్లే పద్ధతిని రూపొందించాయి. 1995లో విండోస్ 95తో అది జనంలోకి వచ్చింది. ఆ రిజిస్టరులో పేరు రాయించుకోని పాత కార్డులు మధ్యలో ఉంటే మాత్రం పాత గొడవలే. 1996లో యూఎస్‌బీ వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్ మన వడోదరలో చదువుకున్నవాడే. జాయ్‌స్టిక్కులు దానికి మారిపోయాయి. 2007లో విండోస్ విస్టా గేమ్ పోర్టుకి పూర్తిగా స్వస్తి చెప్పింది. మన స్టోర్‌రూములో మాత్రం అది ఎదురుచూస్తూ ఉంది.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆ అబ్బాయి నంబరు కోసం అతని బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగాను. నలభై దాటిన మనిషి, సోలార్ ప్యానెళ్లు బిగించే పని చేస్తున్నాడు. ఫోన్లో నన్ను నేను పరిచయం చేసుకుని, జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనని, కార్డు బిగించింది నేనేనని, క్షమించమని అన్నాను. మూడొందల మాట కూడా ఎత్తాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"డబ్బుదేముందండీ. నాన్న ఆ రోజు నన్నేమీ అనలేదు కూడా," అన్నాడు. తర్వాత అడిగాడు: "అయితే ఒకటీ మూడుకే పెట్టానన్నమాట?"

"ఒకటీ మూడుకే పెట్టావు. ఇప్పుడే విప్పి చూశాను."

"అప్పుడే చెప్పాను కదండీ," అన్నాడు.

స్వర్ణోత్సవం రెండో రోజు ఉదయం పదింటి నుంచి ఫిజిక్స్ ల్యాబులో ఆ కంప్యూటరు నడుస్తుంది. వేడినీళ్ల గ్లాసు, గ్రాఫు అతనే చూపిస్తానన్నాడు. చూడ్డానికి వచ్చే మిత్రులకి ఒక్క మనవి: ఐ/ఓ కార్డు నుంచి తీసిన జంపర్ని కవర్లో పెట్టి డబ్బా మూత లోపలివైపు అంటించాను, అది పడిపోయిందనుకుని ఎవరూ మళ్లీ పెట్టకండి.